స్తంభం కింద డెబ్బై ఏడు ముక్కలు

జీలుగువలస సెక్షన్‌లో ఒక లైన్‌మన్ స్తంభం మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, కరెంటు సంస్థవారు ఆనవాయితీ ప్రకారం ఒక కమిటీ వేశారు. కమిటీవారు రెండు కార్లలో వచ్చారు. స్తంభాన్ని కింది నుంచి చూశారు. కొబ్బరినీళ్లు తాగి వెళ్లి నివేదిక రాశారు. ప్రమాదానికి కారణం తీగలో కరెంటు ఉండడమేనని తేలింది. కరెంటు సంస్థ తీగలో కరెంటు ఉండడం సంస్థ తప్పు కాదు గదా. కనక, ఉన్నదని ముందే కనిపెట్టలేకపోవడం లైన్‌మన్ తప్పయింది. ఆ జబ్బుకి కమిటీ పెట్టిన పేరు "క్షేత్రస్థాయి దూరదృష్టి లోపం."

జబ్బుకి పేరు పెట్టాక మందు వెతకాలి. ముఖ్య భద్రతాధికారి చక్రధరరావుగారి దగ్గర మందు సిద్ధంగా ఉంది. ఆయన హైదరాబాదులో ఒకావిడ చేత టారో కార్డులు వేయించుకున్నారు. "మీకు ఉన్నత పదవి రాబోతోంది" అని ఆవిడ చెప్పింది. పై అధికారి రిటైరవుతున్నాడనీ, తర్వాతి వంతు ఈయనదేననీ ఆఫీసులో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు. అయినా పదవి వచ్చి పడేసరికి రావుగారికి ఒళ్లు పులకరించింది. తన కుర్చీ సంగతి చెప్పగలిగిన కార్డు తీగలో కరెంటు సంగతి చెప్పలేదా అని ఆయనకి తోచింది. పెద్ద అధికారికి తోచింది అంటే కిందవాళ్లకి ఉత్తర్వు వచ్చినట్టే.

అలా రాష్ట్రంలో మరే శాఖకీ లేని "భవిష్యసూచక భద్రతా పథకం" జీలుగువలసలో మొదలైంది.

ఈ కబురు విని అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి నూకరత్నం.

నూకరత్నం కొడుకు గౌరునాయుడు ఆ సెక్షన్‌లో జూనియర్ లైన్‌మన్. ఆమెకి వాడొక్కడే. వాడికి ఆ ఉద్యోగం వచ్చిన రోజు ఊరంతా స్వీట్లు తింటుంటే ఆమె మూల కూచుని ఏడ్చింది. బస్టాండు దగ్గర బాగా నడుస్తున్న ఇడ్లీ బండిని తోసుకొచ్చి సెక్షన్ ఆఫీసు గేటు ఎదురుగా పెట్టుకుంది. అక్కడ బేరం సగానికి సగం తక్కువ. అయితేనేం, కొడుకు నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లడం కనిపిస్తుంది, తిరిగి రావడం కనిపిస్తుంది. ఆ రెంటికీ మధ్య ఆమె ఇడ్లీలు వేస్తుంది గానీ ప్రాణం ఇడ్లీల మీద ఉండదు. ఫోన్ చేస్తే వాడు ఎత్తకపోతే భయం. ఎత్తితే, స్తంభం మీద ఒక చెయ్యి వదిలి ఎత్తాడేమోనని మరింత భయం.

సెక్షన్ మొత్తానికి రబ్బరు గ్లోవ్స్ రెండే జతలు ఉండేవి. ఒక జత వేళ్ల దగ్గర చిరిగిపోయింది. రెండో జత, పనసకాయ కోస్తే చేతులకి జిగురంటకుండా ఉంటుందని సెక్షన్ పెద్ద ఏఈ పట్నాయక్‌గారింటికి వెళ్లింది. మళ్లీ తిరిగి రాలేదు.

"ఒరే గౌరూ, గ్లోసులు అడగరా" అని ఆమె రోజూ పోరేది.

"అడిగేనే అమ్మా. ఇండెంటు పెట్టేరంట. వత్తాయంట."

"వత్తాయంట, వత్తాయంట! కరెంటు కూడా అలాగే వత్తాను వత్తాను అంటాదేటి? అది చెప్పకుండానే వచ్చేత్తాది."

అలాంటి నూకరత్నానికి, ఇకమీదట ప్రతి లైన్‌మనూ డ్యూటీ ఎక్కేముందు శకునం చూసుకునే ఎక్కాలని సర్కారే రూలు పెట్టిందంటే ప్రాణం లేచొచ్చింది. పిల్లి ఎదురైతే కొడుకుని వెనక్కి పిలిచి మంచినీళ్లు ఇచ్చి పంపే మనిషి ఆమె. తుమ్మితే కూచోబెట్టే మనిషి. ఇన్నాళ్లూ ఇంట్లో ఆమె ఒక్కతే భయపడేది. ఇప్పుడు ఆఫీసు కూడా భయపడుతోంది. ఇన్నాళ్లకి గవర్నమెంటుకి తల్లి బుద్ధి పుట్టిందనుకుని, ఆ రోజు అందరికీ ఒక్కో ఇడ్లీ ఎక్కువ వేసింది.

శిక్షణ సెక్షన్ ఆఫీసు ఆవరణలోనే ఉన్న సబ్‌స్టేషన్ దగ్గర షామియానా కింద జరిగింది. గేటు తీసే ఉంది కాబట్టి నూకరత్నం బండి దగ్గర నుంచే అంతా విన్నది. హైదరాబాదావిడ పేరు షర్మిష్ఠ. వేలికో ఉంగరం, మెడలో స్ఫటికాల దండ, గొంతులో పాలకోవా.

"మిత్రులారా, మొత్తం డెబ్బై ఎనిమిది కార్డులు. ఆరు వందల ఏళ్ల కిందట ఇటలీలో ప్రభువులు పొద్దుపోక ఆడుకునేవారు. ఆనాటి యాభై ఆరు ముక్కలకి ఇరవై రెండు బొమ్మలు అదనంగా కలిపారు. తర్వాత ఫ్రాన్సులో ఒక పెద్దమనిషి, ఇది ఆట కాదు, ఈజిప్టు పూజారుల గుప్తవిద్య అని కనిపెట్టాడు."

"ఎలా కనిపెట్టేడమ్మా?" అన్నాడు సూర్యం. సెక్షన్‌లో అందరికంటే పాత లైన్‌మన్ అతను. ఎడం చేతికి రెండు వేళ్లు లేవు.

"అంతర్ దృష్టితో."

"రుజువు ఉన్నాదేటి?"

"గుప్తవిద్యకి రుజువుంటే ఇంక గుప్తం ఎలా అవుతుంది?" అంది షర్మిష్ఠ చిరునవ్వుతో. చక్రధరరావుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు.

ముక్కల్లో నాలుగు జాతులున్నాయి: కర్రలు, నాణేలు, కత్తులు, గిన్నెలు. ఏ జాతి ఏ విభాగానికి వర్తిస్తుందో ఏఈ పట్నాయక్‌గారు అప్పటికప్పుడు విడమరిచారు. కర్రలు స్తంభాలవాళ్లకి. నాణేలు బిల్లుల వసూలుకి. కత్తులు తీగల మీదికి వాలిన కొమ్మలు నరికేవాళ్లకి. గిన్నెలు ఎవరికో ఎంత ఆలోచించినా తెలియక క్యాంటీనుకి ఇచ్చారు.

తర్వాత షర్మిష్ఠ పెద్ద బొమ్మలు చూపించింది. మొదటిది మూర్ఖుడు. భుజాన మూట, మొహం ఆకాశంలోకి, కాలు కొండ అంచు మీద. వెనక ఓ చిన్న కుక్క ఎగిరెగిరి అరుస్తోంది.

"ఇది చాలా శుభం. కొత్త ప్రయాణం, నిర్భయం!"

నూకరత్నం కళ్లు చిట్లించి బండి దగ్గర నుంచే చూసింది. ఆ మనిషి ఇంకో అడుగేస్తే లోయలో ఉంటాడు. బొమ్మ మొత్తంలో బుద్ధున్నది కుక్క ఒక్కదానికే అనిపించింది. దాని బాధ తనకి తెలిసినంతగా షామియానా కిందున్న ఒక్కరికీ తెలియదు.

రెండో బొమ్మ చూపించగానే ముందు వరస లైన్‌మన్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. ఒక మనిషి కొయ్యకి ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడుతున్నాడు.

"ఉరివ్యక్తి. భయపడకండి. ఇది సహనానికి గుర్తు. మొహంలో ఆ ప్రశాంతత చూడండి. తల చుట్టూ ఆ వెలుగు చూశారా?"

"ఆ వెలుగు మేం ఎరిగిందేనమ్మా" అన్నాడు సూర్యం. "పోనేడాది స్తంభం మీద మా కిష్టమూర్తి తల చుట్టూ కూడా వచ్చింది. బెల్టు ఉండబట్టి అలాగే వేలాడి ఉండిపోయేడు."

చక్రధరరావుగారు గొంతు సవరించుకుని, శిక్షణలో వ్యక్తిగత అనుభవాలకి తావులేదన్నారు.

మృత్యువు కార్డు వచ్చింది. మృత్యువంటే మరణం కాదట, మార్పట. పిడుగుపడి మనుషులు జారిపడుతున్న టవరు కార్డు వచ్చింది. దాన్ని చూడగానే రావుగారి మొహం మాడిపోయింది. టవర్లు సంస్థ ఆస్తులు. సంస్థ ఆస్తి మీంచి మనుషులు రాలిపడుతున్నట్టు చూపించడం ప్రతిష్ఠకి భంగం. ఆ ముక్కని అన్ని కట్టల్లోంచీ తొలగించమని ఉత్తర్వు ఇచ్చారు. అలా డెబ్బై ఎనిమిది డెబ్బై ఏడయ్యాయి. సంస్థలో టవరు ప్రమాదాలు అక్కడితో అంతమయ్యాయని మర్నాటి పత్రికా ప్రకటన.

ఇక రోజువారీ పద్ధతి. పొద్దున్నే లైన్‌మన్లు వరసలో నిలబడాలి. ఏఈగారి బల్లకి ఎదురుగా కూచుని, ఎడం చేత్తో ముక్కలు కలిపి, ఒకటి తియ్యాలి. మంచిదైతే ఎక్కాలి. చెడ్డదైతే ఎక్కకూడదు. తలకిందులుగా వస్తే మంచిది చెడ్డవుతుంది, చెడ్డది మంచవుతుంది.

మొదటి రోజే పేచీ వచ్చింది. గౌరునాయుడు తీసిన ముక్క వాడికి నిటారుగా ఉంది. ఎదుటి కుర్చీలో ఏఈగారికి తలకిందులుగా ఉంది.

"సార్, నాకు మంచిదే వచ్చింది."

"నాకు చెడ్డది వచ్చింది" అన్నాడు పట్నాయక్.

"తీసింది నేను గద సార్?"

"చూసింది ఎవరు?"

విషయం జిల్లాకి, అక్కడి నుంచి పై ఆఫీసుకి పోయింది. వివరణ వచ్చింది: "ముక్క నిలువు, తలకిందులు అనే అంశములో అధికారి కూర్చున్న దిక్కే ప్రామాణికము. కింది సిబ్బంది దృష్టికోణము పరిగణనలోకి రాదు." అది వచ్చాక పట్నాయక్‌గారికి పని సులువైపోయింది. మనిషిని ఎక్కించాలనుకుంటే కుర్చీ ఇటు జరుపుతాడు, ఆపాలనుకుంటే అటు. దూరదృష్టికి చక్రాలు ఉంటాయని లైన్‌మన్లకి అప్పుడు తెలిసింది.

మృత్యువు వచ్చినవాడిని "మార్పు దృష్ట్యా" బదిలీ చెయ్యాలని మరో ఉత్తర్వు. సొంత ఊళ్లకి బదిలీ కావలసినవాళ్లంతా పొద్దున్నే మృత్యువు కోసం దేవుడికి దణ్ణం పెట్టుకోడం మొదలెట్టారు. ఎమ్మెల్యేగారి సిఫారసు ఉన్నవాడికి మృత్యువు వెంటనే వచ్చేది. లేనివాడు ఎన్నాళ్లు తీసినా రాలేదు.

"మా తమ్ముడికి చావు ఇప్పించండి సార్, పెళ్లాం పురిటికెళ్లింది" అని ఒకడు ఏఈగారి కాళ్లు పట్టుకోవడం నూకరత్నం కళ్లారా చూసింది. అశుభం మాటకి ఆమె చెవులు మూసుకుంది గానీ, పెద్దలకి తెలియదా అని సర్దుకుంది. రోజూ కొడుకుని మొదట అడిగే మాట "ఏ ముక్క వచ్చింది నాయనా?" అయింది. మంచిదంటే ఆ పూట ఊపిరి పీల్చేది. ఆ కొద్ది రోజులూ ఆమె నిజంగానే కాస్త నిద్రపోయింది.

ఇండెంటు పెట్టిన గ్లోవ్స్ సంగతి సూర్యమే ఒకరోజు కదిపాడు. పట్నాయక్‌గారు ఓపిగ్గా వివరించారు. "రక్షణ పరికరముల పద్దు కింద నిధులన్నీ కార్డులకి వెచ్చించబడినవి. గ్లోవ్స్ వల్ల చేతికొక్కదానికే రక్షణ. కార్డు వల్ల మనిషి మొత్తానికి. ఏది సమగ్రం? నువ్వే చెప్పు."

"చేతిలోంచే గద సార్ మనిషి మొత్తానికి పోద్ది?"

"నీలో నమ్మకం లోపిస్తోంది సూర్యం."

ఆ తర్వాత లైన్ క్లియర్ ఎత్తేశారు. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, ఆ లైనులో సరఫరా ఆపించి, ఆపామని వాళ్ల నోట అనిపించుకున్నాకే ఎక్కాలి. దాన్నే లైన్ క్లియర్ అంటారు. కరెంటు పుట్టినప్పటి నుంచి ఉన్న పద్ధతి. కానీ ఆపిన ప్రతిసారీ అంతరాయం కింద లెక్కపడుతుంది, లెక్క పెరిగితే పైవాళ్లు అడుగుతారు. కాబట్టి చక్రధరరావుగారు సెలవిచ్చారు: "శుభసూచక కార్డు వచ్చిన యెడల ప్రకృతియే లైన్ క్లియర్ ఇచ్చినట్లు భావించవలెను."

ప్రకృతి ఇచ్చిన లైన్ క్లియర్ మీద చిట్టిబాబు అనే కుర్రాడు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కాడు. వాడు తీసిన ముక్క నక్షత్రం. అంతకన్నా శుభం లేదట. కుడి చెయ్యి మోచేతిదాకా కాలిపోయింది.

నూకరత్నం క్యారియర్‌లో జావ పోసుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. చిట్టిబాబు తల్లి మంచం పక్కన నేల మీద కూచుని ఉంది. ఏడవడం లేదు. విచారణాధికారి వచ్చి వెళ్లాడని చెప్పింది.

"ఏటన్నాడు?"

"మంచి ముక్క వచ్చినా ఇలా అయిందంటే, మావాడు కుడి చేత్తో కలిపుంటాడంట. ఆడి తప్పేనంట. చెడ్డ ముక్క వచ్చి ఎక్కుంటే కూడా ఆడి తప్పే అయ్యేదంట. పరిహారం రాదన్నాడు, అక్కా."

నూకరత్నం జావ గిన్నె కింద పెట్టింది. ఆ కుర్రాడి చేతి కట్టు వంక చూసింది. తిరిగి బస్సులో వస్తూ దారిపొడుగునా ఒకటే ఆలోచన. తనకీ భయమే, వీళ్లకీ భయమే అనుకుని మోసపోయింది. తనకి భయం వేస్తే గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు లేచి వెళ్లి చెయ్యి పెట్టి చూసుకుంటుంది. కొడుకు తినే చేపలో ముల్లు తన వేళ్లతో తీస్తుంది. పిల్లి ఎదురైతే నీళ్లిస్తుంది, ఇచ్చి, చెప్పుల బార్లు ఊడలేదు కదా అని కూడా చూస్తుంది. వీళ్ల భయం లేచి వెళ్లి ఏదీ చూడదు. రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి ఓ బొమ్మని ముందుపెట్టుకుని కూచుంటుంది.

ఆ రోజు నుంచి ఆమె కొడుకుని ఏ ముక్క వచ్చిందని అడగలేదు.

అంతలో పెద్ద వార్త. జీలుగువలసని రాష్ట్రంలో తొలి "సంపూర్ణ దూరదృష్టి సెక్షన్"గా ప్రకటించబోతున్నారు. చక్రధరరావుగారు స్వయంగా వస్తారు, షర్మిష్ఠ వస్తుంది, టీవీవాళ్లు వస్తారు. అందరి ఎదుటా ఒక లైన్‌మన్ ముక్క తీసి, శుభం రాగానే, గ్లోవ్స్ లేకుండా, సరఫరా ఆపకుండా స్తంభం ఎక్కి, రెండు తీగల్ని కలిపే జంపరు తెగిపోతే దాన్ని అతికి దిగాలి. మనిషిని ముందురోజే ఎంచారు. సూర్యుడి కార్డు తీసినవాడు గౌరునాయుడు. పట్నాయక్‌గారు కుర్చీ రెండుసార్లు జరిపాక అది నిటారుగా వచ్చింది.

"నాను ఎక్కనని చెప్పరా" అంది నూకరత్నం.

"అడిగి చూసేను. ప్రొబేషన్‌లో ఉన్నావు, ఆలోచించుకో అన్నారు."

"పోతే పోనీ. ఇడ్లీ బండి తోద్దువు గాని."

"నాన్న పోయాక నువ్వు ఈ బండి తోసి నన్ను చదివించింది మళ్లీ బండి తొయ్యడానికేటమ్మా? ఏం కాదులే. ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎక్కుతాను."

"తీగ ఒళ్లు దగ్గర పెట్టుకోదురా!"

వాడు కంచంలో అన్నం కెలికి కెలికి, సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున్నే ఆమె పట్నాయక్‌గారి దారికి అడ్డం నిలబడింది.

"బాబూ, ఆ కాసేపూ కరెంటు ఆపండి బాబూ. ఎవులికీ చెప్పకండి. టీవీలో కరెంటు కనపడదు గద."

"చూడమ్మా, నీవొక తల్లివి. నీ ఆవేదన సంస్థ గుర్తించింది. కానీ సరఫరా ఆపితే కార్డుని శంకించినట్టవుతుంది. శంకిస్తే కార్డు పనిచెయ్యదు. అప్పుడు నీ కొడుకుకే ప్రమాదం. నీ కొడుకు క్షేమం కోరే ఆపడం లేదు."

మరి మాట్లాడ్డానికి ఆయన సందు ఉంచలేదు. షామియానా కట్టడం చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

నూకరత్నం బండి వదిలేసి పోలీస్ స్టేషన్‌కి నడిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మెట్లు ఎక్కలేదు. ఆ రోడ్డున వెళ్లాల్సి వస్తే అవతలి వార నుంచి వెళ్లే మనిషి. ఎస్సై తవిటినాయుడి బల్ల ముందు చేతులు జోడించి నిలబడింది.

"మా గుంటణ్ణి సప్లై ఆపకుండా తీగ మీదికి ఎక్కిత్తన్నారు బాబూ. ఆపండి బాబూ."

తవిటినాయుడు పేపరు లోంచి తలెత్తలేదు. "ఏ శాఖ?"

"కరెంటు."

"అది శాఖాపరమైన విషయం. మా పరిధి కాదు. ఏదైనా జరిగినాక రా, కేసు కడతాం."

"జరిగినాక నానెందుకు బాబూ రావడం?"

"రూలు అదేనమ్మా."

ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. గుమ్మం దాకా వెళ్లి, ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు అంది: "రోజూ పొద్దున్నే బల్లేసుకుని కూకుని ముక్కలు కలపడం, పంచడం, మనుషుల్ని పోగొట్టడం. అడిగే దిక్కు లేదు."

పేపరు కిందికి దిగింది.

"ముక్కలా?"

నూకరత్నం వెనక్కి తిరిగింది. ఎస్సై మొహంలో మొదటిసారి ప్రాణం కనిపించింది. చదివింది ఏడో తరగతే అయినా, మనిషి దేనికి కదులుతాడో ఇరవై ఏళ్లు బండి నడిపిన మనిషికి తెలుస్తుంది.

"ముక్కలే బాబూ."

"ఎంతమంది కూచుంటారు?"

"పదిమందికి తక్కువుండరు."

"రోజూనా?"

"ఆదివారం కూడా."

"ఎన్ని ముక్కలు?"

"డెబ్బై ఏడు బాబూ."

తవిటినాయుడు కుర్చీలోంచి లేచాడు. నెలాఖరు. ఆ నెల పేకాట కేసుల లక్ష్యం సగం కూడా నిండలేదు, పైనుంచి రోజూ తిట్లు. "డెబ్బై ఏడు! ఎంత పెద్ద శిబిరం పెట్టారే! వెయ్యండ్రా జీపు. ఏమ్మా, వెనక ఎక్కు, దారి చూపిద్దువు గాని."

దారి చూపించడానికి ఏముంది, ఆఫీసు ఊరి నడిబొడ్డునే ఉంది. అయినా ఆమె ఎక్కింది. మనిషి ప్రాణం పోతుందంటే కదలని జీపు ముక్కలు అనేసరికి ఇంత జోరుగా పోతుందని ఆమె ఎరగదు. గుంటల్లో ఎగిరిపడుతూ "బేగి, బాబూ, బేగి" అంటూనే ఉంది.

ఆవరణలో సభ పాకాన పడింది. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ: "ముక్క తియ్యి, ప్రాణం నిలుపుకో." బల్ల మీద పట్టుగుడ్డ, గుడ్డ మీద కార్డులు. గౌరునాయుడు సూర్యుడి ముక్క టీవీవాళ్లకి చూపించి, బెల్టు బిగించుకుని, ఒట్టి చేతులతో ఎక్కడం మొదలెట్టాడు. షర్మిష్ఠ మైకులో మంద్రంగా ఏదో జపిస్తోంది. వాడు ముప్పాతిక వంతు ఎక్కాడు. తీగకి ఇంకో మనిషెత్తు ఉంది.

"ఆపండి! ఎవరూ కదలొద్దు! ముక్కలు కింద పెట్టండి!"

ఈల మోగింది. పోలీసు అనే మాట, ముక్కలు అనే మాట కలిపి చెవిన పడగానే పట్నాయక్‌గారి కాళ్లు వాటంతట అవే పనిచేశాయి. క్లబ్బులో పదేళ్ల అలవాటు మరి. పక్కనున్న పంచాయతీ ఆఫీసు గోడ మీదికి ఎగిరి, అవతల పెంటకుప్పలో దిగి, అక్కడే ఉన్న కానిస్టేబుల్‌కి దొరికిపోయాడు. పారిపోయాడు గనక ఇది పేకాటేనని ఎస్సైకి నిశ్చయమైంది.

చక్రధరరావుగారు వేదిక మీంచి గర్జించారు. "ఇది సంస్థ అధికారిక కార్యక్రమం! ప్రాచీన విజ్ఞానం!"

"ముక్కలు కలుపుతారా, లేదా?"

"కలుపుతాం, కానీ..."

"పంచుతారా?"

షర్మిష్ఠ ముందుకొచ్చింది. "ఆఫీసర్, ఇవి పేకముక్కలు కావు. వీటి చరిత్ర మీకు తెలియదు. ఇటలీలో పుట్టాయి..."

"ఎందుకు పుట్టాయి?"

"మొదట్లో... ఆటకే అనుకోండి."

"రాసుకో" అన్నాడు ఎస్సై రైటరుతో. "పుట్టుక నుంచీ ఆటే. ముద్దాయి తన నోటితో ఒప్పుకుంది. పందెం ఎంత?"

"ఇందులో పందెం ఏమీ లేదు!"

తవిటినాయుడు ఫ్లెక్సీ వంక చూశాడు. ముక్క తియ్యి, ప్రాణం నిలుపుకో. స్తంభం మీదికి చూశాడు. గౌరునాయుడు ఒట్టి చేతులతో అక్కడే కరుచుకుని ఉన్నాడు. కింద నూకరత్నం స్తంభాన్ని కావలించుకుని పైకి చూస్తోంది.

"డబ్బులు పెట్టి ఆడేవాళ్లని చూశాను. బంగారం పెట్టినవాళ్లని చూశాను. మనిషిని పెట్టి ఆడేవాళ్లని ఈ సర్వీసులో ఇదే చూడ్డం. ఒరే అబ్బాయ్, దిగు! నువ్వు పందెం సొమ్మువి. నిన్ను స్వాధీనం చేసుకుంటున్నాం. కేసు తేలేదాకా ఎవడైనా ఎక్కమన్నా ఎక్కడానికి లేదు. సాక్ష్యం పాడవుద్ది."

గౌరునాయుడు మెల్లగా దిగాడు. కాలు నేలకి తగలగానే తల్లి వాడి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఒక్కో వేలూ చూసుకుంది.

"ఉన్నాయే అమ్మా, అన్నీ ఉన్నాయి."

"ఉండు. చూడనీ."

ఆ సాయంత్రం టీవీలో రాష్ట్రమంతా చూసింది. మామూలు పేకాట కేసుల్లో తీసే ఫోటోయే. తుండుగుడ్డ పరిచి దాని మీద ముక్కలు, సెల్‌ఫోన్లు, ఒక స్ఫటికాల దండ. వెనక నేల మీద బాసింపట్టు వేసుకుని ముఖ్య భద్రతాధికారి, పెంట అంటిన ప్యాంటుతో ఏఈగారు, మొహానికి చున్నీ అడ్డం పెట్టుకున్న భవిష్యవేత్త. వాళ్ల వెనక మీసం తిప్పుతూ పోలీసులు. ఇన్ని చూసే డెబ్బై ఏడు ముక్కల్లో ఒక్కటీ జీపు వస్తోందని చెప్పలేదేమని ఏ విలేకరీ అడగలేదు.

ముక్కలు కోర్టు స్వాధీనంలోకి పోయాయి. ముక్క తియ్యకుండా ఎవరూ స్తంభం ఎక్కరాదన్న ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది. దాన్ని రద్దు చెయ్యాలంటే పెట్టడం తప్పని ఒప్పుకోవాలి. అందుకని ఎక్కడ ఫ్యూజు పోతే అక్కడ చీకటే. నాలుగు ఊళ్లు ఉక్కపోతలో ఉడికి, ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు గేటు మూసేశాక పై ఆఫీసు కదిలింది. కొత్త ఉత్తర్వు వచ్చింది: "కార్డులు కోర్టు నుండి విడుదలగు వరకు, తప్పనిసరి పరిస్థితుల్లో, తాత్కాలిక ప్రాతిపదికన, సిబ్బందికి రబ్బరు గ్లోవ్స్ ఇచ్చి, లైన్ క్లియర్ తీసుకుని పనిచేయించవలెను. విడుదలైన తక్షణం ఈ తాత్కాలిక ఏర్పాటు రద్దగును." మనిషికొక జత గ్లోవ్స్ వచ్చాయి, మోచేతుల దాకా, కొత్త రబ్బరు వాసన వేస్తూ.

నూకరత్నం వాటిని ఊది చూసింది. గాలి ఎక్కడా పోవడం లేదు. నీళ్లు పోసి చూసింది. కారడం లేదు. అప్పుడు ఆమెకి కొత్త భయం పట్టుకుంది. కోర్టువాళ్లు ఆ ముక్కలు తిరిగిచ్చేస్తే?

కేసు పిలిచిన ప్రతిసారీ ఆమె బండి పక్కింటావిడకి అప్పగించి కోర్టుకి వెళ్లేది. వరండాలో ఓ స్తంభానికి ఆనుకుని కూచునేది. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి తవిటినాయుడికి బదిలీ. ఒకసారి రావుగారి వకీలుకి జ్వరం. వాయిదా అని బంట్రోతు కేకేసినప్పుడల్లా ఆమె రెండు చేతులూ ఎత్తి ఆ మూసిన తలుపుకి దణ్ణం పెట్టేది.

ఆమెని రోజూ చూస్తున్న ఓ కుర్ర వకీలు ఒకనాడు జాలిపడి వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎవరి కేసమ్మా?"

"ముక్కల కేసు బాబూ."

"అదా? అనవసరంగా తిరుగుతున్నావు. అది ఆటో, శాస్త్రమో తేల్చాలట. నిపుణులట, నివేదికలట. తక్కువలో తక్కువ పదేళ్లు పడుతుంది."

నూకరత్నం మొహం పాలిపోయింది.

"పదేళ్లేనా బాబూ? మా గుంటడికి ఇంకా ముప్పై మూడేళ్లు సర్వీసుంది."